నదితో పాటు మూడు మైళ్ళు

అలాస్కాలో దిగింది జనవరిలో, పగలు పదకొండింటికి. అప్పుడే తెల్లవారుతోంది. అమెరికా దక్షిణాన, వెచ్చగా ఉండే మా ఊరు ఫ్రిస్కోలో ఇంటి నుంచి చొక్కాతో బయల్దేరాను, అక్కడ మైనస్ ముప్పై. మొదటి శ్వాసకే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టాయి. ఆర్మీలో మా దళానికి రేడియో నా డ్యూటీ.

అమ్మ నా బ్యాగులో రెండు ఉన్ని స్వెటర్లు, ఒక మంకీ క్యాప్ కుక్కింది. "యూనిఫాం లోపల ఏసుకో బిడ్డా, ఎవలు చూస్తరు?" అంది. అమ్మ మాట కాదనలేక వేసుకున్నాను.

మూడో వారం సార్జెంట్, డ్రైవర్, నేను గడ్డకట్టిన నది మీద ట్రక్కులో వెళ్తున్నాం. చలికాలంలో అక్కడ నదే రోడ్డు. పన్నెండున్నరకి ఇంజన్ ఆగిపోయింది. మైనస్ నలభై. ఫారెన్‌హీట్‌లో చెప్పినా సెల్సియస్‌లో చెప్పినా ఆ అంకె ఒకటే. చూద్దామని దిగిన డ్రైవర్ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. రేడియో తీశాను. చలికి బ్యాటరీ చచ్చిపోయింది. స్పేర్ బ్యాటరీని చొక్కా లోపల ఒంటికి ఆనించి ఉంచాలని రూలు. అమ్మ స్వెటర్లతో లోపల జాగా లేక నేను సంచిలో పడేశాను. అదీ చచ్చింది.

సార్జెంట్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. క్యాంపు మూడు మైళ్ళ దిగువన ఉంది. రెండు గంటల్లో సాయం రాకపోతే డ్రైవర్ దక్కడు. సార్జెంట్ నా స్వెటర్లు రెండూ విప్పించి అతనికి తొడిగాడు. అమ్మ ఇచ్చినవని చెప్పాను. మంకీ క్యాప్ మాత్రం నాకే వదిలాడు.

"నేను వీడి దగ్గరుంటా. నువ్వు క్యాంపుకి మెల్లగా పరుగెత్తు," అన్నాడు. "చెమట పట్టిందా, బట్టలు గడ్డకడతాయి. నువ్వు మధ్యలో పడిపోతే వీడి సంగతి ఎవరికీ తెలీదు."

డ్రైవర్ పళ్ళు టకటకలాడుతున్నాయి. "మీ మామ్‌కి థాంక్స్ చెప్పు," అన్నాడు.

ఆలస్యం అమృతం విషం అంటారు. నిదానమే ప్రధానం అని కూడా అంటారు. ఆ రోజు రెండూ కలిసి నా నెత్తినెక్కాయి. మొదటి అరమైలు భయంతో దౌడు తీశాను. వీపు మీద తడి తగిలింది. వేగం తగ్గించి తల దించాను.

గాలికి మంచు కొట్టుకుపోయి, కాళ్ళ కింద ఐసు నల్లటి అద్దంలా ఉంది. దాని అడుగున నది పారుతోంది. అరచేయంత తెల్లటి బుడగలు ఐసుని రాసుకుంటూ నేను పోయే వైపే పోతున్నాయి. పైన లోకమంతా బిగుసుకుపోయిన ఆ చలిలో నది ఆగలేదు, తొందరా పడలేదు. నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. ఒక బుడగని చూపుతో పట్టుకుని దానితో సమానంగా పరుగెత్తాను. అది ఒడ్డు వైపు తప్పుకుంటే ఇంకొకదాన్ని పట్టుకున్నాను. మళ్ళీ చెమట పట్టలేదు.

నలభై ఆరు నిమిషాలు. క్యాంపు గేటు దగ్గర నోరు తెరవబోతే దవడ కదల్లేదు. చేత్తో ఎగువకి చూపించాను. బండి వెళ్ళింది. డ్రైవర్ బతికాడు, రెండు కాలివేళ్ళు పోయాయి. ఒక స్వెటర్ తిరిగివ్వనన్నాడు.

రెండేళ్ళకి ఫ్రిస్కో వచ్చేశాను. చలి ఎట్లుంటది అని అంకుల్స్ అడుగుతారు. అంకెలు చెప్తాను, నోళ్ళు వెళ్ళబెడతారు. రోజూ పొద్దున మా వీధిలో పరుగెత్తుతాను. ఎండకి కాలే సిమెంటు మీద తల దించితే, నా బూటుకి అడుగు ముందు, ఆ బుడగ పోతూనే ఉంటుంది.