తీగ కనబడిందా?

మా ఏజెన్సీ ఆసుపత్రి మత్తు డాక్టరుగారు పోయారు. నేను తోటలో కాఫీ పళ్లు ఏరుతుంటే అంబులెన్సు డ్రైవరు ఫోన్ చేసి చెప్పాడు, గుండె ఆగిపోయిందట. కరపత్రాలు చదివీ రాసీ నిజం, నిజం అని అరిచే నాకు ఆయన గురించి రాయాలంటే సిగ్గేస్తోంది. ఎందుకో చెబుతాను.

ఆమధ్య మా చిన్నమ్మకి జ్వరం ముదిరి బీపీ పడిపోయింది. మందు ఎక్కించడానికి మెడలోని పెద్ద సిరలోకి గొట్టం వేయాల్సొచ్చింది. డాక్టరుగారు స్కానింగ్ తెర చూస్తూనే గుచ్చారు. అయినా సూది మొన సిరని దాటి పక్కనున్న ధమనిలోకి పోయింది. దాని వెంట గొట్టానికి దారి చూపే సన్నటి తీగ, తీగ మీదుగా గొట్టం కూడా అందులోకే పోయాయి. విశాఖపట్నంలో ఆపరేషన్ చేస్తే బతికింది.

ఎవరూ అడక్కముందే ఆయన మా వూరొచ్చారు. వాకిట్లో నేల మీద కూర్చుని, తీగ ఎటు పోయిందో తెర మీద చూసుకోకుండా గొట్టం తోసేశానని, తప్పు తనదేనని చెప్పారు. నేను నానా మాటలూ అన్నాను. తలొంచుకుని విన్నారు. చిన్నమ్మ మాత్రం, "బాబూ, ఇంకోలికి ఇలాటిది జరగనీకు" అని అంబలి పోసిచ్చింది.

ఆ తర్వాత ఆయన ఒక పద్ధతి పెట్టారు. గొట్టం వేసేముందు, తీగ సిరలోనే ఉందని నర్సు కూడా తెర మీద చూసి "కనబడింది" అనాలి. అనకపోతే అక్కడితో ఆపాలి. "నేను కసిరినా ఆపండమ్మా. కసిరేవాడినే ముందు ఆపాలి" అనేవారు. టీ ఇస్తూ నర్సులు, "సార్, పంచదార కనబడిందా?" అని ఏడిపిస్తే నవ్వేసేవారు.

మొన్న ఆసుపత్రి ఆవరణలో సంతాప సభ. అందరూ ఆయన హస్తవాసిని పొగిడారు. కొత్తగా వచ్చిన డాక్టరొకాయన, తెర ఉండగా ఇంకొకరు చూసి చెప్పడమేమిటి, పెద్దాయన చాదస్తం కాకపోతే అని ముద్దుగానే అన్నాడు. మైకు నా చేతికొచ్చింది. మా వూళ్లో దినం అయ్యేదాకా పోయినవాళ్ల తప్పు ఎత్తరు. ఆ కట్టుబాటుని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. ఆ రోజు దాని చాటునే దాక్కున్నాను. మహానుభావుడు అనేసి కూర్చున్నాను.

చిన్నమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "ఏటిరా, అసలుది సెప్పకుండా కూకున్నావు? ఆ బాబు సిగ్గు సంపుకుని సెప్పినాడు. మనం దాసేత్తే ఆ పద్ధతి ఆయనతోనే పోతాది."

నేను లేవలేదు. తనే లేచింది. మైకు తీసుకోలేదు. తిన్నగా ఆ కొత్త డాక్టరు ముందుకెళ్లి, కొంగు తొలగించి, ఆసుపత్రి బల్ల మీద తిప్పించినట్టే మెడ ఓ పక్కకి తిప్పింది.

"ఇది ఆ బాబు సేతి తప్పే. సూడండి."

చెవి కింద నుంచి గొంతు దాకా కుట్ల మచ్చ. కొత్త డాక్టరు కళ్లద్దాలు సర్దుకుని వంగాడు. నర్సులు ఒక్కొక్కరే దగ్గరకొచ్చారు. అందరూ చూసేదాకా చిన్నమ్మ మెడ అలాగే తిప్పి ఉంచింది.