గంట తెమ్మంటే వచ్చిన గంట

కిందటేడు ఎండాకాలం. పంజాగుట్టలోని మా గేర్‌బాక్స్ షెడ్డుకు శ్రీనివాస్ గారి కారును టో బండి మీద తెచ్చారు. ఆయన మైత్రీవనంలో జావా పాఠాలు చెబుతారు. యూసుఫ్‌గూడలో తానుండే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే పాత కారును ఊడదీసి రెండేళ్లుగా రేసు బండి కడుతున్నారు. సేఫ్టీ బెల్‌హౌసింగ్, గేర్‌బాక్స్ బిగిస్తే పని అయినట్టే.

బెల్‌హౌసింగ్ అంటే ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య గంట ఆకారంలో ఉండే డొప్ప. లోపల తిరిగే ఫ్లైవీల్ అనే బరువు చక్రం రేసు వేగానికి పగిలిందంటే ముక్కలు డ్రైవర్ కాళ్ల మీదికే వస్తాయి. అందుకే మందపాటి ఉక్కుది పెడతారు. అది లేని బండిని ట్రాక్ ఎక్కనివ్వరు. అంత పొడుగు పేరు మా షెడ్డులో ఎవరూ పలకరు, గంట అంటాం.

ఆ గంట పార్సిల్‌లో ఇంటికి వచ్చిందని సార్ ముందే చెప్పారు. ఆ రోజు క్లాసులో ఉండి ఫోన్ ఎత్తకపోతే ఇంటికి చేశాను. ఆయన భార్య లలిత గారు ఎత్తారు.

"అమ్మా, మీ ఇంట్ల గంట ఉన్నదట గదా. జర పంపుండ్రి. అది లేకుంట బండి పని షురూ చెయ్యలేను."

"అయ్యో, నేనే తెస్తానండీ."

ఆటో దిగిన ఆవిడ చేతిలో ఇత్తడి పూజగంట, కొబ్బరికాయ, నిమ్మకాయలు ఉన్నాయి. నవ్వు ఆపుకోలేకపోయాను.

"గీ గంట కాదమ్మా. ఉక్కుది, మస్తు బరువుంటది."

"మంచం కింద పెట్టెలో ఉన్నదేనా? జిమ్ బరువులన్నారే ఆయన."

"జిమ్ముది కాదమ్మా. ఫ్లైవీల్ పగిలితే సార్ కాళ్లు పోకుండ కాపాడేది."

"కాళ్లు పోవడమేంటి? ఎగ్జిబిషన్‌లో పెట్టే బండి కదా ఇది?"

రేసు సంగతి ఆవిడకు తెలియదని అప్పుడర్థమైంది. రెండేళ్ల కష్టాన్ని ఒక్క మాటతో ముంచానని వెంటనే సార్‌కు కబురు పంపాను. కబురందుకుని వచ్చిన సార్ కొబ్బరికాయను చూసి గేటు దగ్గరే ఆగిపోయారు. లలిత గారు ఆయన్ని పలకరించలేదు, నన్నడిగారు.

"ఆ ఉక్కుది రెండు కాళ్లకీ అడ్డుంటుందా?"

"రెండిటికీ ఉంటదమ్మా."

"అయితే బిగించండి, నేను చూస్తాను." అప్పుడు భర్త వైపు తిరిగారు. "వెళ్లి ఆ జిమ్ బరువులు మోసుకురండి."

సార్ వెళ్లగానే మళ్లీ నన్నడిగారు. "అబద్ధాలాడే నోటికి ఏమైనా బిగిస్తారా?"

"గది మా షెడ్ల దొరకదమ్మా."

డొప్ప రంధ్రం ఇంజిన్ షాఫ్ట్‌తో సరిగ్గా మధ్యకు కుదరాలి, లేకపోతే గేర్‌బాక్స్ వంకరగా కూర్చుని అరిగిపోతుంది. డయల్ గేజ్‌తో నేను చూసిన ప్రతి కొలతనూ ఆవిడ స్టూలు వేసుకుని మళ్లీ చూపించమన్నారు. బండి సిద్ధమయ్యాక కొబ్బరికాయ ఆవిడే కొట్టారు, గంట మాత్రం సార్ చేత మోగించారు. ఆపమనేదాకా ఆయన ఆపలేదు.

అప్పటి నుంచి ఫోన్‌లో బెల్‌హౌసింగ్ అని పూర్తి పేరే చెబుతున్నాను. అది ఎందుకో కూడా ఇంట్లోవాళ్లకు ముందే చెబుతాను. బండి నడిపేది ఒక్కరే అయినా, తిరిగొచ్చేదాకా భయపడేది ఇంట్లోవాళ్లే కదా.