ఆటగత్తె అన్న మాట

ఆ మాట అన్న పెద్దమనిషి పేరు రాయను. భయపడి కాదు. పేరు రాస్తే వచ్చే బుధవారం నన్ను ప్రార్థన అంశంగా పెట్టి, వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళందరిచేతా నా కోసం మోకాళ్ళు వేయిస్తాడు. ఆయనకు ఆ ముచ్చట తీర్చడం నాకిష్టం లేదు. కాబట్టి ఇందులో ఎవరికీ పేర్లుండవు. ఆ దీవుల దేశానికి కూడా.

మా తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. అమెరికాలో, రెడ్‌మండ్ పక్కన ఒక పాత చర్చిలో అద్దెకుంటాం. పొద్దున పూట అక్కడ పసిఫిక్ దీవుల నుంచి వచ్చినవాళ్ళ ఆరాధన జరుగుతుంది. మధ్యాహ్నం మా వంతు. వాళ్ళు వంటగది తుడిచి వెళ్ళేసరికి మేం బిర్యానీ గిన్నెలతో దిగుతాం. ఇన్నేళ్ళలో మావాళ్ళు వాళ్ళతో మాట్లాడిందల్లా పార్కింగ్ గురించే. అదీ, మీ కార్లు తీయండి అని.

మా అమ్మాయికి పదహారేళ్ళు. మందిరంలో కీబోర్డు వాయిస్తుంది. శనివారాలు రగ్బీ సెవెన్స్ ఆడుతుంది. జట్టుకి ఏడుగురు, సగం ఆటకి ఏడు నిమిషాలు. కళ్ళజోడు తుడుచుకునేలోపు అయిపోయే ఆట. బంతి పట్టుకుని పరిగెత్తేదాన్ని అవతలివాళ్ళు నడుం పట్టుకుని కింద పడేస్తారు, ట్యాకిల్ అంటారు దాన్ని. మొదటిసారి మా పిల్లని అలా పడేసినప్పుడు నేను గొడుగు పట్టుకుని మైదానంలోకి పరిగెత్తాను. రిఫరీ నన్ను బయటికి పంపాడు. తర్వాత అలవాటైంది.

ఆ పిల్లే ఈ ఏడు బాప్తిస్మం కావాలని అడిగింది. మేం అడగమనలేదు. మా సంఘంలో చిన్నపిల్లలకివ్వరు. వయసొచ్చాక, తనంతట తాను, అందరి ముందూ నిలబడి తన విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పి నీళ్ళలో మునగాలి. ప్రభువు బల్లకి కూర్చుని రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం ఆ తర్వాతే. రెండు నెలలు రోజూ తెలుగు బైబిల్ కూడబలుక్కుని చదివింది. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి ఖాయం చేశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ దీవుల దేశపు ఆడవాళ్ళ సెవెన్స్ జట్టు వచ్చింది. ఈ దేశంలో ఏదో పోటీకి వెళ్తూ, తమవాళ్ళున్న ఊరు కదా అని ముందే ఇక్కడ దిగారు. దేశం జట్టంటే హోటళ్ళూ హడావిడీ ఉంటాయనుకున్నాను. వాళ్ళు సంఘస్తుల ఇళ్ళల్లోనే సర్దుకున్నారు. చర్చి వెనక గడ్డిలో ప్రాక్టీసు పెట్టుకున్నారు. మా అమ్మాయికి ఈ సంగతి తెలిశాక ఇంట్లో మాకు చెవులు పనిచేయడం మానేశాయి.

మొదటి ఆదివారం పొద్దున్నే దాన్ని తీసుకుని వాళ్ళ ఆరాధనకు వెళ్ళాను. ఆడపిల్లలు చీలమండలదాకా బట్ట చుట్టుకుని, జుట్టు బిగించి ముడేసుకుని, బుద్ధిగా ముందు వరుసల్లో కూర్చున్నారు. పాట ఎత్తుకున్నారు. మా నరసాపురంలో మా నాయనమ్మ చేపలు కడుగుతూ పాడుకునే కీర్తన రాగమే! మాటలు వాళ్ళవి. వాయిద్యమేదీ లేదు, గొంతులే. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

ఆరాధన అయ్యాక వాళ్ళే నిక్కర్లు తొడుక్కుని గడ్డిలోకి దిగారు. కెప్టెన్ మా అమ్మాయిని పిలిచింది. తలుపుకి అడ్డంగా నిలబడితే వెలుతురు రాని మనిషి. మోకాలికి ఐస్ కట్టుకుని, నేను భోజనాలకి తెచ్చిన ఆవకాయ సీసాలో నేరుగా చెంచా పెట్టి తింటూనే కోచింగ్ ఇచ్చింది. "ట్యాకిల్ చేసేటప్పుడు కళ్ళు మూసుకుంటున్నావు. ప్రార్థన తర్వాత చేసుకుందువుగాని, ముందు చూడు" అంది. మా పిల్ల కళ్ళు తెరిచి ఆవిడ మీదికే దూకింది. ఇద్దరూ బురదలో దొర్లారు. ఇద్దరూ నవ్వుతున్నారు.

అప్పుడే మావాళ్ళ కార్లు రావడం మొదలైంది. పట్టుచీరలు, సూట్లు. మా సంఘ పెద్ద కారు దిగి, గడ్డి వైపు చూసి, మొహం మాడ్చుకున్నాడు. లోపల వరండాలో పదిమంది ముందు, బురద కాళ్ళతో నా వెనకే వచ్చిన అమ్మాయి ముందు, నన్ను ఆపాడు.

"ఏంటండీ సిస్టర్ ఇది? మందిరం ఆవరణలో ఆడపిల్లలు కాళ్ళన్నీ కనపడేలా ఆ దొర్లడమేంటి? మన పిల్లల్ని దేవుని కూతుళ్ళని చేద్దామనుకుంటున్నామా, ఆటగత్తెల్ని చేద్దామనుకుంటున్నామా?"

తెలుగు చదివే మీకు ఈ మాట గురించి వేరే చెప్పక్కర్లేదు. అయినా చెప్తాను, ఒళ్ళు మండి చెప్తున్నాను. మగవాడు ఆడితే ఆటగాడు. దండ వేస్తారు, పేపర్లో ఫొటో వేస్తారు. అదే మాటని ఆడదానికి తిప్పితే ఆటగత్తె. మా వైపు దాన్ని రికార్డింగ్ డ్యాన్సు స్టేజీల మీద ఆడేవాళ్ళని చూసి, పక్కవాడి భుజం గీకుతూ అంటారు. ఆ ఆడేవాళ్ళు చేసిన పాపమేంటో నాకు తెలియదు, చూడ్డానికి టికెట్టు కొని వెళ్ళేది ఇలాంటి పెద్దమనుషులే. ఇంత భాషలో బంతి పట్టుకున్న ఆడపిల్లకి ఇంకో మాట పుట్టలేదు. పేపర్లవాళ్ళు క్రీడాకారిణి అని సంస్కృతంలోంచి ఒకటి తెచ్చుకుని చేతులు దులుపుకున్నారు. ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటారా?

నోరు తెరవబోతుంటే మా ఆయన నా మోచేయి పట్టుకున్నాడు. ఆయనకి ఈ ఉద్యోగం ఆ పెద్దమనిషి రిఫరల్ మీదే వచ్చింది. వీసా దాని మీదే ఉంది. కాబట్టి ఆ మనిషి ముందు మా ఆయన నోట్లో నాలుక ఉండదు.

తిరుగుదారిలో కారు వెనక సీట్లోంచి అమ్మాయి అడిగింది. "అమ్మా, ఆటగత్తె మీన్స్ ప్లేయర్ ఆ? గర్ల్ ప్లేయర్?"

"ఆఁ, ప్లేయరే" అన్నాను.

"కూల్" అంది. మా ఆయన ముందున్న లారీని తీక్షణంగా చూస్తూ డ్రైవ్ చేశాడు.

తర్వాతి ప్రాక్టీసుకి వెళ్ళేసరికి దాని టీషర్టు వెనక మార్కర్‌తో తెలుగులో 'ఆటగత్తె' అని రాసి ఉంది. తకి వత్తు కూడా సరిగ్గా పెట్టింది. అంతటితో ఆగలేదు. జట్టుకంతా నేర్పింది. వాళ్ళ నోళ్ళకి అది 'ఆటగాతే' అయింది. ఎవరైనా మనుషుల్ని తప్పించుకుని గీత దాటినప్పుడల్లా మిగతావాళ్ళు ఊరంతా వినబడేలా "ఆటగాతే!" అని అరవడం. వర్షంలో, గొడుగు కింద, నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఇంటికొచ్చేసరికి ఆ నవ్వంతా మళ్ళీ కోపమైంది. అది తిట్టని తెలియక పిల్ల దాన్ని మెడలో వేసుకుని తిరుగుతోంది, విన్న మావాళ్ళు నవ్వుకుంటారు కదా అని.

ఆ వారమే సంఘ పెద్ద మా పాస్టర్ అయ్యగారిని వెంటేసుకుని ఇంటికొచ్చాడు. సోఫాలో కూర్చుని మెల్లగా, తేనె పూసినట్టు చెప్పాడు. "సాక్ష్యంలో ఒక్క మాట చెబితే చాలండి. ఇక ఈ ఆట మానేస్తున్నాను అని. చెప్పకపోతే బాప్తిస్మం ఇంకో ఏడాది ఆగుదాం. సంఘానికి మాదిరిగా ఉండాలి కదా."

"మీ అబ్బాయి ఫుట్‌బాల్ ఆడతాడు కదండీ. సీజన్ ముందు మనమందరం చేతులు చాపి ప్రార్థన కూడా చేశాం" అన్నాను.

"మగపిల్లాడండీ" అన్నాడు. అంతే. దానికి ముందు గానీ వెనక గానీ ఇంకేం లేదు.

అయ్యగారు కార్పెట్ వైపు చూశారు. మా ఆయన "టీ తీసుకోండి" అన్నాడు. నాకు ఆ టీ కప్పులన్నీ ఎత్తి సింకులో పగలగొట్టాలనిపించింది. వాళ్ళు వెళ్ళాక మా ఆయన మీద పడ్డాను.

"ఒక్క మాటే కదా, అనేస్తే పోలా? తర్వాత దాని ఆట అది ఆడుకుంటుంది, ఎవరు చూడొచ్చారు?" అన్నాడాయన.

"నీళ్ళ ముందు నిలబడి అబద్ధం చెప్పమంటారా నా కూతుర్ని? ఆ అబద్ధంతో ముంచి తీస్తే అది బాప్తిస్మమా, స్నానమా?"

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. తప్పులు పట్టుకోవడానికే నాకు జీతమిస్తారు. ఇంత పెద్ద తప్పు కళ్ళెదుట ఉంటే పట్టుకోవద్దని నా ఇంట్లోవాళ్ళే అంటే ఎట్లా?

అమ్మాయికి షరతు సంగతి చెప్పాను. విని, "ఓకే" అంది. ఏం ఓకేనో చెప్పలేదు.

మట్టల ఆదివారం వచ్చింది. వేదిక మీద చెక్కలు తీసి, కిందున్న తొట్టి నింపారు. అయ్యగారు తెల్లంగీ వేసుకుని నడుం లోతు నీళ్ళలో దిగి నిలబడ్డారు. మర్నాడే ప్రయాణమున్నా జట్టంతా మా అమ్మాయి కోసం ఆగింది. వెనక రెండు వరుసలూ వాళ్ళే. పొడుగు బట్టలు చుట్టుకుని, చెవిలో పూలు పెట్టుకుని, మా ఆడవాళ్ళకంటే పద్ధతిగా ఉన్నారు.

తెల్లగౌనులో మా పిల్ల తొట్టి మెట్ల దగ్గర నిలబడింది. సంఘ పెద్ద మైకు పట్టుకున్నాడు. "చెప్పమ్మా సాక్ష్యం. ఆ ఆట సంగతి కూడా చెప్పు" అన్నాడు.

అది దాని తెలుగులో చెప్పింది. "నేను యేసయ్యని నమ్ముతున్నాను. నాకు బాప్తిస్మం కావాలి. ఎవరూ ఫోర్స్ చేయలేదు." సంఘ పెద్ద వైపు తిరిగింది. "ఆట మానను అంకుల్. నేను ఆటగత్తె."

పట్టు పైటలు నోళ్ళ మీదికి వెళ్ళాయి. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ క్షణంలోనే వెనక రెండు వరుసలూ లేచి నిలబడ్డాయి. తెలుగులో వాళ్ళకి తెలిసింది ఆ ఒక్క మాటే. "ఆటగాతే!" అని మందిరం పైకప్పు లేచిపోయేలా అరిచారు. చప్పట్లు, ఈలలు. కెప్టెన్ బల్ల మీద అరచేత్తో దరువేసింది.

సంఘ పెద్ద మొహం కందగడ్డ అయింది. "ఈ పూట బాప్తిస్మం లేదు" అన్నాడు మైకులో.

అయ్యగారు ఆయన్ని చూశారు, పిల్లని చూశారు. తర్వాత నీళ్ళోడుతున్న అంగీతో మెట్లెక్కి బయటికొచ్చేశారు. పెద్దమనిషి పెత్తనం నాకు కొత్త కాదు. కానీ నీళ్ళలో ఎదురుచూస్తూ నిలబడ్డ మనిషి బయటికి రావడం మాత్రం నేను క్షమించలేదు.

నేను లేచాను. ఈసారి మా ఆయన నా మోచేయి పట్టుకోలేదు.

"బ్రదర్ గారూ, ఆ మాట దానికి మీరిచ్చిందే. అర్థం కూడా మీరే చెప్పండి. మైకులోనే చెప్పండి, పిల్లలందరూ వింటున్నారు."

"అంటే... ప్లేయర్. ప్లేయర్ అనే" అన్నాడు.

"ప్లేయరే అయితే బాప్తిస్మం ఎందుకాగింది?"

నేను పిల్ల చేయి పట్టుకుని నడవ మధ్యలోంచి బయటికొచ్చాను. కెప్టెన్ దారిలో దాన్ని గట్టిగా వాటేసుకుంది. మా ఆయన దాని చెప్పులూ, బురద బూట్ల సంచీ మోసుకుంటూ వెనకే వచ్చాడు.

కార్లో కూర్చున్నాక అన్నాను. "నీకో సంగతి చెప్పాలమ్మా. ఆ మాటకి అసలు అర్థం..."

"తెలుసమ్మా" అంది. "ప్లేయరే అని నువ్వన్నప్పుడు నీ ఫేస్ చూశా. నెక్స్ట్ డే అమ్మమ్మకి కాల్ చేశా. ఎవడే నిన్నలా అన్నది అని ఫోన్లోనే అరిచేసింది."

"తెలిసే షర్టు మీద రాసుకున్నావా? తెలిసే వాళ్ళకి నేర్పించావా?"

"వాళ్ళకి మీనింగ్ కూడా చెప్పా. కెప్టెన్ ఫుల్ నవ్వింది. స్టార్టింగ్‌లో వాళ్ళ ఊళ్ళో వాళ్ళని కూడా ఇలాంటిదే ఏదో అన్నారంట. అందుకే అమ్మా, అంత లౌడ్‌గా అరిచారు."

దీవుల సంఘం పాస్టర్ బాప్తిస్మం తానిస్తానని కబురు పెట్టాడు. మా పిల్ల థాంక్స్ చెప్పి వద్దంది. అదే తొట్టిలో, తెలుగులో, ఆట మానకుండానే తీసుకుంటుందట. ఆదివారాలు మానకుండా వెళ్ళి కీబోర్డు ముందు కూర్చుంటోంది. నేను ముందు వరుసలో, ఆ పెద్దమనిషికి ఎదురుగా కూర్చుంటున్నాను. నా కోపం తగ్గలేదు. మా పిల్ల నీళ్ళలో దిగేదాకా తగ్గించుకోను.