నేను యాజకుణ్ణయిన పొద్దు

నేను నిజామాబాద్‌లో తెలుగు పంతులుని. మైకు చేతికిస్తే తిరిగివ్వడని నాకో పేరుంది. అది అబద్ధమేమీ కాదు. ఇదంతా ఆ జబ్బు వల్లనే జరిగింది.

మా సొంతూరు బోధన్ నుంచి కోటగిరి పోయే దారిలో ఉంటుంది. ఊరి చివర, చెరకు పొలాలను ఆనుకుని రేకుల కప్పుతో ఒక చిన్న చర్చి. అక్కడి పాస్టర్‌ని అందరూ అయ్యగారంటారు. ఒకసారి ఆయన వేరే ఊళ్లో ప్రార్థన కూడికలకు పోవలసి వచ్చి నాకు ఫోన్ చేశాడు.

"సార్, ఈ ఐతారం వాక్యం మీరు చెప్పుండ్రి" అన్నాడు.

ఆదివారం చర్చిలో చేసే ప్రసంగాన్ని మేం వాక్యం అంటాం. నాకెక్కడ తీరుతుందండీ అని కాసేపు బెట్టు చేశాను. ఆయన నిజంగానే వద్దంటాడేమోనని భయమేసి వెంటనే ఒప్పుకున్నాను.

ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లి, నాకు బాగా ఇష్టమైన సంగతి ఎత్తుకున్నాను. విశ్వాసులందరూ యాజకులేనని మా మతం చెబుతుంది. యాజకుడంటే మనిషి తరఫున దేవుడి ముందు నిలబడేవాడు. ఆ నిలబడే హక్కు అయ్యగారొక్కరిదే కాదు, నాట్లేసే ఆడమనిషికీ ఉంది, ఆటో నడిపేవాడికీ ఉంది. ఈ మాట చెబుతుంటే నా గొంతు నాకే ఎంతో నచ్చింది. అక్కడితో ఆగితే సరిపోయేది. ఎదురుగా బల్ల మీద వరసగా పెట్టిన కొబ్బరినూనె సీసాలు నా కంటపడ్డాయి.

మా దగ్గర అదొక అలవాటు. నొప్పో జ్వరమో ఉన్నవాళ్లు ఇంటి నుంచి నూనె సీసా తెచ్చి బల్ల మీద పెడతారు. అయ్యగారు వాటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాడు. వాళ్లు ఆ నూనె తీసుకుపోయి ఒంటికి రాసుకుంటారు. "ఈ సీసాలు ఇంటికి తీసుకుపోండి. మీ చేతులేం పాపం చేశాయి? మీరే ప్రార్థన చేసుకోండి" అన్నాను. అందరూ భక్తిగా తలలూపారు. ఆరాధన అయ్యాక ఒక్కొక్కరే వచ్చి, మంచిగ చెప్పినవ్ సారూ అన్నారు. ఆ వెంటనే, "అయ్యగారు ఎన్నడొస్తడు?" అని అడిగి, సీసాలు ఎక్కడివక్కడే వదిలి ఇళ్లకు పోయారు.

ఒక్క సీసా మాత్రం కదిలింది. అది మా మేనత్తది. చెరకు నరికే కూలిపనిలో బతుకంతా గడిపిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. "నువ్వు చెప్తివి గద అల్లుడా, నేనే చేసుకుంట" అని సీసా కొంగున చుట్టుకుని వెళ్లిపోయింది. అంతమందిలో నా మాట నమ్మింది ఆమె ఒక్కతే.

ఇంటికొచ్చి వాక్యం ఎట్లా చెప్పానని నా భార్యను అడిగాను. పొడుగైందంది. ఇంట్లో కూడా ఒకనాడు ప్రార్థన చేయొచ్చు కదా అని కూడా అంది. ఆ మాట నేను వినిపించుకోలేదు. మా ఇంట్లో ప్రార్థన ఆమె డ్యూటీ. నా వంతు అన్నం ముందు చేసే రెండు వాక్యాలే. అవి చిన్నప్పుడు మా బాపు నేర్పినవి. నోటికి వచ్చు కాబట్టి సాగిపోతుంటుంది.

నెల తిరిగేసరికి అత్త కడుపులో గడ్డ ఉందని తేలింది. నిజామాబాద్‌లో పెద్ద దవాఖానలో చేర్పించాం. ఆపరేషన్‌లో ఏమైనా కావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. కాగితాల మీద సంతకం నేనే పెట్టాను. దానికి నేను వెనకాడలేదు. అత్త నన్ను అడిగింది ఒక్కటే, లోపలికి తీసుకుపోయే ముందు ఎవరైనా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయాలని. అయ్యగారు పొద్దున్నే బస్సెక్కి వస్తానన్నాడు. పది గంటలకు ఆపరేషన్, తొమ్మిదికల్లా ఆయన ఉంటాడు. నేను నిశ్చింతగా ఉన్నాను.

ఎనిమిదిన్నరకు నర్సు స్ట్రెచర్ తోసుకుంటూ వచ్చింది. అత్త కంటే ముందున్న పేషెంటుకు బీపీ ఎక్కువుందట, అందుకని ఈమెను ముందుకు జరిపారు. నేను వెంటనే ఫోన్ తీశాను. అయ్యగారి ఫోన్ కలవలేదు. వరండాలోకి పోయి చేశాను, కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి చేశాను, మెట్ల మీద నిలబడి చేశాను. దొరికితే స్పీకర్ ఆన్ చేసి అత్త చెవి దగ్గర పెడదామని నా ఆలోచన. సీసాలు ఇంటికి తీసుకుపొమ్మని దబాయించిన మనిషిని నేనే.

తిరిగొచ్చేసరికి అత్త స్ట్రెచర్ మీద ఉంది. తలకు ఆకుపచ్చ టోపీ పెట్టారు.

"నువ్వు చెయ్యరాదు అల్లుడా?" అంది.

"అయ్యగారు వస్తున్నడు అత్తమ్మా, జరసేపు ఆగు."

"వీళ్లు ఆగుతరా? నువ్వే అంటివి గద అందరం యాజకులమే అని."

"అంటే, అది వాక్యం..." అన్నాను. ఆ ముక్క ఎట్లా పూర్తి చేయాలో ఈ రోజుకీ నాకు తెలియదు.

"నాకు బయమైతుంది" అంది అత్త. నాకు తెలిసినంతలో ఆ మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు.

నర్సు గడియారం చూసుకుంది. నేను చేతిని ప్యాంటుకు తుడుచుకుని ఆ టోపీ మీద పెట్టి కళ్లు మూసుకున్నాను. లోపల ఒక్క మాట లేదు. ముప్పై ఏళ్లు పిల్లలతో వ్యాసాలు రాయించినవాణ్ణి, ఒక్క వాక్యం దొరకలేదు. అప్పుడు నోరు తనంతట తానే కదిలింది.

"ప్రభువా, నీవు దయచేసిన ఈ ఆహారం కొరకు వందనములు. దీనిని మా శరీరములకు బలముగా చేయుము, లేనివారికి దయచేయుము, ఆమేన్."

ఆమేన్ అన్నాకగాని నేనేం చదివానో నాకు తెలియలేదు. అత్త కూడా ఆమేన్ అంది. తర్వాత ఒక కన్ను తెరిచింది.

"నిన్నటి సంది నోట్లె సుక్క నీళ్లు పొయ్యనిస్తలేరు. గిప్పుడు బువ్వ ప్రార్థన చేస్తివా?"

నర్సు మొహం పక్కకు తిప్పుకుంది. అత్త కడుపు పట్టుకుని నవ్వుతుండగానే స్ట్రెచర్ కదిలింది, తలుపులు మూసుకున్నాయి.

నేను బెంచీ మీద కూలబడ్డాను. సిగ్గు కంటే భయమే ఎక్కువేసింది. ఆమె తిరిగి రాకపోతే, ఈ లోకంలో ఆమె కోసం చేసిన చివరి ప్రార్థన అన్నం ముందు చేసేదవుతుంది. అది చేసినవాణ్ణి నేనవుతాను.

తొమ్మిదిన్నరకు అయ్యగారు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. దారిలో బస్సు చెడిపోయిందట. "ప్రార్థన ఎవరన్న చేసిండ్రా?" అని అడిగాడు. చేశానన్నాను. "మంచి పని చేసిండ్రు సార్, నా పాణం నిమ్మలమైంది" అన్నాడు. ఏ ప్రార్థనో అడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. మధ్యాహ్నం డాక్టరమ్మ బయటికొచ్చి గడ్డ మొత్తం వచ్చేసిందని చెబితే నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

మూడోనాడు అత్తకు జావ తాగించొచ్చన్నారు. ఈసారి తప్పు జరగకూడదని నాలుగు పేజీల ప్రార్థన రాసుకుని వెళ్లాను. ఒత్తులు, పొల్లులు సరిచూసుకున్నాను కూడా. జావ గిన్నె ఆమె ముందు పెట్టి కాగితాలు తీశాను.

"గవేంది?" అంది.

"ప్రార్థన అత్తమ్మా. జావ తాగే ముందు."

"మొన్న చేసినవ్ గద. దేవునికి యాదుండదా?" అని నాలుగు చెంచాలు తాగింది. తర్వాత గిన్నె నావైపు జరిపింది. "నువ్వు పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

తినలేదు. ఆ మూడు రోజులూ నేను సరిగ్గా తిన్నది లేదు.

సూది గుచ్చి పట్టీ వేసిన చేతిని ఆమె మెల్లగా ఎత్తింది. నరికీ నరికీ కాయలు కాసిన అరచెయ్యి. దాన్ని నా బట్టతల మీద పెట్టింది.

"దేవా, గీ పిలగాడు బాగ బయపడ్డడు. ఆకలిమీదున్నడు. జర సూడు."

అంతే. నా నాలుగు పేజీల్లో ఆ మాట లేదు. నేను ఆమేన్ అన్నాను. జావ అప్పటికే చల్లారిపోయింది. మిగిలిందంతా తాగేశాను.