మొఖం లేని ఫరిష్తా

తొంభైల చివర్లో నల్గొండ జిల్లా హాలియాలో నా దోస్తూ నేనూ కలిసి ఒక కంప్యూటర్ సెంటర్ పెట్టాం. దోస్తు వాళ్ల నాయిన తన దర్జీ దుకాణం వెనక ఖాళీగా ఉన్న గది మాకిచ్చాడు. బోర్డు మీద ఏవేవో కోర్సుల పేర్లు రాయించాం గానీ, వాటిలో సగం మాకే రావు. ఉన్నవి రెండు కంప్యూటర్లు. నాట్లప్పుడూ కోతలప్పుడూ ఒక్క విద్యార్థి కూడా వచ్చేవాడు కాదు. ఊరంతా పొలాల్లో ఉంటే మేమిద్దరం గదిలో కూర్చుని ఆట ఆడేవాళ్లం. కంప్యూటర్ మీద మమకారంతో ఆడామని గొప్పలు చెప్పుకోవచ్చు గానీ, నిజానికి పని లేక ఆడాం.

ఆ ఆట సీడీని దోస్తు హైదరాబాదు నుంచి తెచ్చాడు. కత్తి పట్టుకుని నేలమాళిగల్లోకి దిగి, దయ్యాలను నరుక్కుంటూ పోవాలి. ఒక భాగం అయిపోతే ఇంకో భాగం వచ్చే ఆట అది. అందులో ఒక దేవదూత ఉన్నాడు. పైలోకంలో పెద్దలందరూ మనుషుల గొడవ మనకెందుకని ఊరుకుంటే, ఆయనొక్కడే వాళ్ల మాట కాదని మన పక్కన నిలబడతాడు. ఒంటి నిండా కవచం, తల మీద ముసుగు. ముసుగులో మొఖం ఉండదు, ఉత్త చీకటే. రెక్కలకు ఈకలుండవు. వెలుగు పట్టీలు పట్టీలుగా భుజాల వెనక నుంచి వేలాడుతూ కదులుతుంటాయి. నాకు ఆయనంటే చచ్చేంత ఇష్టం. దయ్యాలను కొట్టడం మానేసి ఆయన ముందు ఊరికే నిలబడిన రోజులున్నాయి.

“నడువుర బై, ఆయనేమన్న నీకు పిల్లనిస్తడా?” అని దోస్తు విసుక్కునేవాడు.

మధ్యాహ్నం మా అవ్వ నాకు సద్ది తెచ్చేది. చిన్నప్పటి నుంచి నన్ను పెంచింది ఆమే. రెండు కండ్లలోనూ మోతిబిందు పొరలు ముదిరి, అప్పటికి ఎనిమిదేండ్లుగా మనుషులను గొంతును బట్టే గుర్తుపట్టేది. గోడలు పట్టుకుంటూ, దారిని కాలితో తడుముకుంటూ వచ్చేది. వద్దంటే వినేది కాదు. ఆపరేషన్ చేయిద్దామని ఎన్నిసార్లు బతిమాలినా ఒకటే మాట.

“నేను చూడంది ఏమున్నదిర ఇంక? అన్ని చూసిన.”

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. భయం కూడా వేసేది. ఇంకా ఆలస్యం చేస్తే కండ్లు దక్కవని నల్గొండ దవాఖానలో డాక్టరు మొహం మీదే చెప్పాడు. అవ్వకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

ఒకనాడు ఆమె వచ్చేసరికి తెర మీద దేవదూత ఉన్నాడు. ఎండ పడకుండా మేం కిటికీకి దుప్పటి కట్టుకోవడంతో గది చీకటిగా ఉంది. ఆమె కండ్లకు అంతో ఇంతో ఆనేది వెలుగొక్కటే. గడపలోనే ఆగిపోయింది.

“గా తెల్లగ మెరిసేదేంది?”

“ఫరిష్తా అవ్వా,” అన్నాడు దోస్తు, నోరు ఊరుకోక.

అవ్వ వెంటనే చెప్పులు విప్పింది. ఏటా పీర్ల పండుగకు ఊదు వేసి, పీరీకి రంగుగుడ్డ దట్టి కట్టి మొక్కే మనిషి ఆమె. ముక్కు తెరకు తగిలేదాకా వంగి ఆ వెలుగు పట్టీలను చూసింది.

“గిన్ని దట్టీలు ఎవలు కట్టిండ్రు బిడ్డా? శానమందే మొక్కినట్టున్నరు.”

దోస్తు గాభరా పడ్డాడు. “గది ఆట అవ్వా. ఉత్త బొమ్మ,” అన్నాడు. అవ్వ చెవిన పెడితేనా? ఇంతలో దేవదూత గంభీరంగా ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

“ఏమంటున్నడు?” అంది అవ్వ.

మా ఇంగ్లీషుకు అది అందితే కదా. “అవ్వ తిన్నదా అని అడుగుతున్నడు,” అన్నాను.

“తిన్న నాయినా, తిన్న,” అని తెరకు జవాబిచ్చింది. మేమిద్దరం నవ్వు ఆపుకోలేక ఏదో కింద పడినట్టు బల్ల కిందికి దూరాం.

లేచి చూస్తే ఆమె ఇంకా అలాగే వంగి ఉంది. “అంత కొద్దికొద్దిగ ఆనుతాంది గని మొఖమే ఆనుతలేదు. పాడు కండ్లు! ఎట్లుంటదిర ఈయన మొఖం?”

దోస్తు నోరు తెరవబోయాడు. నేను వాడి కాలు తొక్కాను.

“మస్తుంటది అవ్వా. ఆపరేషనైతే నువ్వే చూస్తవ్.”

అంత సులువుగా అబద్ధం ఆడగలనని నాకే తెలియదు. అవ్వ సద్ది మూట విప్పి నాకు పెట్టింది. నేను తిన్నాక గిన్నె మూట కట్టుకుంటూ, “నల్గొండకు ఎప్పుడు పోదాం?” అంది. “కండ్లొస్తే ఈయనకు పచ్చ దట్టి కడ్త.”

ముందు ఒక కన్నుకే ఆపరేషన్ చేశారు. అది కుదుటపడ్డాక రెండోది చేస్తామన్నారు. కట్టు మారుస్తూ చూపు బాగానే వచ్చిందని డాక్టరు చెప్పగానే నాకు అసలు ఫికర్ పట్టుకుంది. మొఖం కోసం ఒప్పుకున్న మనిషి. వచ్చి చూస్తే అక్కడ మొఖమే ఉండదు. ఆపరేషన్ ఖరాబైందని అనుకుంటే రెండో కన్ను జన్మలో ముట్టుకోనివ్వదు.

దోస్తు ఒక ఉపాయం చెప్పాడు. క్యాలెండర్‌లోంచి ఓ బొద్దు బాబు మొఖం కత్తిరించి, ముసుగున్న చోట తెర మీద అతికించాం. దేవదూత బానే కనిపించాడు. కానీ ఆటలో మా మనిషి ఒక్క అడుగు వేయగానే దేవదూత పక్కకు జరిగాడు, మొఖం మాత్రం అతికించిన చోటే ఉండి, అక్కడికొచ్చిన ఓ పీపా మీద కూర్చుంది. నవ్వి నవ్వి పొట్టలు నొచ్చాయి గానీ, నా ఫికర్ మాత్రం తీరలేదు.

నెల దాకా తియ్యొద్దన్న కంటి కట్టును నెల తిరగగానే విప్పుకుని, ఆనాడే అవ్వ సెంటర్‌కు వచ్చింది. నల్లద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకోకుండా వచ్చింది. అది చూసి ఎంత సంతోషపడ్డానో అంత భయపడ్డాను. తెచ్చిన పచ్చ దట్టిని ముందుగా మానిటర్‌కు చుట్టి ముడివేసింది. తర్వాత కుర్చీలో కూర్చుని అద్దాలు పైకి నెట్టి చూసింది.

“గివి దట్టీలు గావు, రెక్కలు,” అంది. ఇంకాసేపు చూసింది. “మొఖం లేదు గదర.”

“ఆపరేషన్ మంచిగనే అయింది అవ్వా,” అన్నాను గబగబా. “ఆయనకే లేదు. మొదటిసంది లేదు. నాకెరుకే. నువ్వు ఒప్పుకోవాల్నని అబద్ధమాడిన. రెండో కన్నుకు గూడ...”

ఇరవై రెండేండ్లవాడిని, దోస్తు ముందరే ఏడ్చేశాను.

అవ్వ తెర వైపు మళ్లీ చూడలేదు. నా గదవ కింద చెయ్యి పెట్టి తల లేపి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి, దుప్పటి పక్కకు లాగింది. ఆమె నా మొఖం చివరిసారి చూసేనాటికి నాకు పద్నాలుగేండ్లు.

“మూతి మీద గదేందిర?”

“మీసం అవ్వా.”

“ఎప్పుడొచ్చింది?”

“ఐదారేండ్లాయె.”

“ఒక్కనాడన్న చెప్తివా?” అంది కోపంగా. దోస్తు పక్కున నవ్వాడు. అవ్వ వేలితో నా మీసాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు నిమిరింది. తర్వాత ఆపరేషనైన కన్ను మూసి, రెండో కంటితో చూసింది. కండ్లు మార్చి మార్చి మళ్లీ చూసింది. 

“గీ కంటికి నువ్వు ఆనుతలేవు,” అంది. “నల్గొండ బస్సెప్పుడున్నది?”