మరక పైపళ్ళకే

సూర్యాపేట బస్టాండు ఎదుటి సందులో ఉన్న నెట్ సెంటర్‌లో సంగీత నాలుగేళ్ళుగా ఇతరుల ప్రశ్నలకు జవాబులు వెతికిపెడుతోంది. హాల్‌టికెట్లు, పరీక్షా ఫలితాలు, రైలు రిజర్వేషన్లు, ఎవరు ఏది అడిగితే అది తీసి అచ్చువేసి ఇవ్వడమే ఆమె ఉద్యోగం. సొంత ప్రశ్న ఒకటి ఆ యంత్రం ముందు పెట్టవచ్చునన్న ఆలోచన 2011 వేసవి దాకా ఆమెకు రాలేదు.

ఆ ప్రశ్న ఆమె కూతురు మల్లిక గురించి. పిల్లకు ఇంకా రెండేళ్ళు నిండలేదు. పైవరుసలో ముందున్న నాలుగు పళ్ళకూ గోధుమరంగు మరకలు పడ్డాయి. వేడి అన్నం నోట పెడితే ఏడుస్తోంది. వాళ్ళ ఊరు పెన్‌పహాడ్‌లో ఆ మరకలను చూసి ఆశ్చర్యపోయినవారు లేరు. బోరునీళ్ళలోని ఫ్లోరైడు పళ్ళకు మరక పెడుతుందన్న సంగతి ఆ జిల్లాలో పసివాళ్ళకు కూడా తెలుసు.

సంగీత అత్త ముత్తమ్మ మరక కనిపించిన రోజే ఇంట్లో బోరునీళ్ళు మాన్పించింది. రోజూ పొద్దున్నే ఫిల్టర్ ప్లాంటు దాకా నడిచి బిందెడు నీళ్ళు మోసుకొచ్చేది. ఆ వయసులో అది చిన్న శ్రమ కాదు. ఆ నీళ్ళతోనే పాలు కలిపి, పటికబెల్లం వేసి, సీసాకెత్తి, మనవరాలి నోట పెట్టి పడుకోబెట్టేది. పిల్ల నిద్రపోయినా సీసా నోట్లోనే ఉండేది.

"నీళ్ళ మరక బిడ్డా. పాలపండ్లే గద, ఊడిపోతయ్. గింతదానికి దవాఖానెందుకు?" అనేది.

గిరాకీ లేని ఒక మధ్యాహ్నం సంగీత పసిపిల్లల పళ్ళ గురించి వెతికింది. మొదటి పన్ను వచ్చిన ఆరు నెలల్లోపు, ఆలస్యమైనా మొదటి పుట్టినరోజు నాటికి, దంతవైద్యుడికి చూపించాలని ఒక పేజీలో ఉంది. తెరమీద కనిపించేదల్లా నిజం కాదని ఉద్యోగం ఆమెకు నేర్పింది కనుక మరో రెండు పేజీలు తెరిచింది. అవీ అదే చెప్పాయి. ఒకదానిలో బొమ్మ ఉంది: తల్లి బిడ్డ పైపెదవిని వేలితో ఎత్తి చూస్తోంది. తీపిపాల సీసాతో నిద్రపోయే పిల్లలకు పైపళ్ళు చెడతాయని, కిందిపళ్ళను నాలుక కప్పి కాపాడుతుందని దాని కింద రాశారు.

ఇంటికి వెళ్ళి మల్లిక పెదవి ఎత్తింది. చిగుళ్ళ పక్కన ఉన్నది మరక కాదు, గుంట. కిందిపళ్ళు మాత్రం బియ్యపుగింజల్లా ఉన్నాయి.

"అత్తమ్మా, నీళ్ళు నోరంతా తాకుతయ్ గద. మరి కిందిపండ్లు గింత తెల్లగ ఎట్లున్నయ్?"

"అంటే, నేనే ఖరాబు చేసిన్నంటవా? మోసి మోసి నా నడుమిరిగింది. నీ కంప్యూటరొచ్చి మోసిందా?"

"నిన్ననలే. సీసనన్న."

"సీస పట్టిచ్చిందెవరు మరి?"

సంగీత పిల్ల పెదవి వదిలేసింది. తాను పొద్దంతా సూర్యాపేటలో ఉంటే పిల్లను సాకింది ముత్తమ్మే.

మర్నాడు ముగ్గురూ ఆటోలో పేటకు వెళ్ళారు. దంతవైద్యురాలు ఉషారాణి దగ్గరి కాంపౌండరు ముత్తమ్మకే కుర్చీ చూపించాడు.

"నాకున్నయే మూడు పండ్లు. ఇగో, దీనికి సూడుండ్రి," అంది ముత్తమ్మ.

ఉషారాణి చాలాసేపు చూసి, ఇది తీపిపాల సీసా చేసిన పనే అంది. మూడు పళ్ళకు సిమెంటు పెట్టి నిలపవచ్చు, ఒకటి తీసెయ్యాలి అని చెప్పింది. ఆరు నెలల ముందు వచ్చి ఉంటే నాలుగూ నిలిచేవి.

"అయితే నీళ్ళ తప్పేం లేదా డాక్టరమ్మా?" అని అడిగింది ముత్తమ్మ.

"ఉంది పెద్దమ్మా. లోపల తయారవుతున్న పెద్దపళ్ళకు ఆ నీళ్ళు మరక పెట్టొచ్చు. ఫిల్టర్ నీళ్ళు మానొద్దు. పడుకునేటప్పుడు సీసా కావాలని ఏడిస్తే ఆ నీళ్ళే పోయండి. ఇంకేం కలపొద్దు."

మల్లిక నాలుగు రోజులు పేచీ పెట్టి, వట్టి నీళ్ళకు అలవాటు పడింది. పన్ను పోయిన చోట మాత్రం సందు మిగిలింది. నీళ్ళే పళ్ళు చెడగొట్టాయని, ఫిల్టర్ నీళ్ళే బాగుచేశాయని ముత్తమ్మ వాడకట్టులో చెబుతూనే ఉంది. సంగీత ఎన్నడూ దిద్దలేదు.

ఆరు నెలలకు మళ్ళీ చూపించాల్సిన రోజు సంగీత మామూలుగానే నెట్ సెంటర్‌కు బయలుదేరబోయింది. ముత్తమ్మ ఉతికిన చీర కట్టుకుని, పిల్లను చంకనెత్తుకుని గడపలో నిలబడి ఉంది.

"ఇయ్యాల పండ్ల డాక్టరు తారీఖు గద. సెలవు పెట్టినవా, మర్సిపోయినవా?"