పెద్ద సిస్టరు హస్తవాసి

ఎంత పాడైన చేతిలోనైనా నరం పట్టుకుంటుందని గుండె వార్డులో పెద్ద సిస్టరుకు పేరు. మిగతా నర్సులు చేతులెత్తేశాక ఆవిడకే కబురు వెళుతుంది. వస్తుంది, అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంటుంది, కళ్లు మూసుకుని చూపుడువేలితో తడుముతుంది. బస్సులో పక్కవాళ్ల మోచేతి మడత కనబడినా ఆవిడ చూపు అక్కడే ఆగిపోతుంది. పనయ్యాక ఎవరైనా హస్తవాసి మెచ్చుకుంటే మాత్రం చటుక్కున వెళ్లి చేతులు కడుక్కుంటుంది. గర్వమనుకుంటారు కొందరు.

ఈ ఉదయం వచ్చిన మనిషికి మత్తు కోసం తనే పొడుచుకున్న సూదులతో రెండు చేతులూ గట్టిపడిపోయాయి. ఆ సూదుల వెంట పోయిన మురికి గుండె కవాటం మీద చీముగడ్డ కట్టింది. ఛాతీ కోయకుండా, తొడ నరంలోంచి సన్నటి గొట్టం పంపి దాన్ని పీల్చేస్తారు. అంతకుముందు సెలైనుకు ఒక నరం కావాలి. "చేతులొదిలెయ్యండక్కా, అవన్నీ పోయాయి," అంటూ అతనే కాలి బొటనవేలి మొదట్లో చూపించాడు. "ఇదొక్కటే మిగిలింది." ఆవిడ ఒక్క పోటుకే పట్టేసింది. "మంచి హస్తవాసక్కా మీది. చీమ కుట్టినట్టు కూడా లేదు."

ఆవిడ కొళాయి దగ్గరికి నడిచింది. ఈ గొట్టాలు రాకముందే, ఇదే జబ్బుతో ఆవిడ తమ్ముడు పోయాడు. వణికే చేత్తో పదిచోట్ల పొడుచుకుంటున్న వాణ్ణి చూడలేక, ఒకే ఒక్కసారి తనే నరం వెతికి ఆ మత్తుమందు ఎక్కించింది. "నీ హస్తవాసి మంచిదే అక్కా," అని వాడు హాయిగా నవ్వాడు.